ఇసుకదిబ్బ మీద తెలుగు మాట

ముందే చెప్పేస్తున్నాను, దయ్యాలూ భూతాలూ అంటే నాకు నవ్వు. అరవదేశంలో సముద్రం ఒడ్డున మా ఒర్లియంపేట, ఆ వీధి చివర ఒక పాడుబడ్డ ఇల్లు ఉండేది. అందులో ఉరేసుకున్న మనిషి తిరుగుతోందని జనం పొద్దు గుంకకముందే తలుపులు బిగించుకునేవాళ్ళు. ఆ ఇంటి పిట్టగోడ మీదే నేను వడియాలు పెట్టాను. శుభ్రంగా ఎండాయి. తిన్నవాళ్ళెవరికీ ఏమీ కాలేదు.

కాబట్టి ఇది చదివి "పాపం, ఆడమనిషి, జడుసుకుని ఉంటుంది" అనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. నేను జడుసుకోలేదు. నాకు ఒళ్ళు మండింది.

1979లో రిక్షా బోల్తాపడి నా ఎడమ తొడ ఎముక విరిగింది. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. ఏడు నెలలు మంచం మీద ఉన్నాను. ఎముక అతికింది గానీ ఆ కాలు కాస్త పొట్టిదైపోయింది. డాక్టరు ఒకటే మాట చెప్పాడు. చదునైన చోట రోజూ నడవాలి, నడవకపోతే మోకాలు బిగుసుకుపోతుంది, ఆ తర్వాత నేనేం చెయ్యలేను అన్నాడు. అంటే నడక ఆగితే నేను మళ్ళీ మంచానికే. ఈ ముక్క ఇంట్లో అందరికీ చెప్పాను.

మా అత్తకు మాత్రం ఎక్కలేదు. మాది బజారులో ఇత్తడి సామాన్ల కొట్టున్న కుటుంబం. మామగారు పోయినప్పటినుంచి ఆమె వీధి మలుపు దాటి ఎరగదు. కోడలు కుంటుకుంటూ బీచి రోడ్డు మీద తిరుగుతుంటే కొట్టుకొచ్చేవాళ్ళు ఏమనుకుంటారోనని ఆమె బెంగ.

"ఏందే రుక్కూ ఈ తిరుగుడు? సుమ్మా ఇంట్లోనే నడవరాదా? ఇంత పెరడు లేదా మనకి?" అనేది. సుమ్మా అంటే అరవంలో ఊరికే అని.

"పెరట్లో తిరగడానికి నేనేమన్నా కోడినా అత్తా?" అనేదాన్ని. ఆ రోజంతా మాకు మాటలుండేవి కావు.

నాకు తోడు దొరికింది ఎదురింటి సరోజగారు. భర్తకు ప్రభుత్వ ఉద్యోగం, యానాం నుంచి బదిలీ మీద వచ్చారు. నేనిప్పుడు ఇది తెలుగు అక్షరాల్లో రాస్తున్నానంటే ఆవిడ పుణ్యమే. మా ఇళ్ళల్లో తెలుగు నోటికే గానీ చేతికి రాదు. ఆవిడ నాకు పలక కొనిపెట్టి మరీ దిద్దించారు.

మొదట బీచి రోడ్డు మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాం. అక్కడ రాళ్ళ పరుపు సమంగా ఉంటుంది, నాలాంటి కాలికి అంతకన్నా సుఖమైన దారి లేదు. తర్వాత బొటానికల్ గార్డెన్ చుట్టూ తిరిగాం. ఆదివారాలు ఊసుటేరి చెరువు గట్టుకు వెళ్ళేవాళ్ళం. చేతికర్ర పట్టుకుంటే ముసలిదంటారని నేను మామగారి గొడుగు పట్టుకునేదాన్ని. ఏడాది గడిచేసరికి కాలు మాట వినడం మొదలుపెట్టింది. అప్పుడు కడలూరు బస్సెక్కి అరియాంకుప్పంలో దిగి, కొబ్బరితోటల మధ్య నుంచి ఏటి ఒడ్డున నడవడం అలవాటు చేసుకున్నాం.

ఆ ఏటి మధ్యలో చిన్న ఇసుకదిబ్బ ఉంది. అరవంలో తిట్టు అంటారు. ఆ పేరు విని సరోజగారు నాలుగు రోజులు నవ్వారు. పోటు తగ్గి నీళ్ళు తీసిన వేళ దాన్ని నడిచే చేరొచ్చు, మోకాలి లోతే. ఏ రోజు ఎప్పుడు తీస్తాయో పడవవాళ్ళు చెప్పేవాళ్ళు. నేను వెనకాడితే ఆవిడ చీర ఎగ్గట్టి దిగిపోయారు.

"ఇదేం నీళ్ళండీ బాబూ! మా గోదారి లంకలకెళ్ళాలంటే మొలలోతు దాటేస్తాం. రండి రండి, నేనున్నానుగా" అన్నారు.

వెళ్ళేటప్పుడు ఎగువ వైపు దాటి, దిబ్బ చుట్టూ ఒక అరగంట నడిచి, వచ్చేటప్పుడు దిగువ వైపు దాటేవాళ్ళం. అదేమంత కష్టమైన దారి కాదు, చిన్నపిల్లలు కూడా నడుస్తారు. కానీ ఏడు నెలలు దూలాలు లెక్కపెట్టినదానికి అది కాశీయాత్రే. ఇంట్లో మాత్రం బీచి దాకా అనే చెప్పేదాన్ని. దిబ్బ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇది గుర్తుపెట్టుకోండి.

1981, మాసి నెల, అంటే ఫిబ్రవరి, మార్చి రోజులు. సరోజగారు చెల్లెలి పురిటికని యానాం వెళ్ళారు. నేనొక్కదాన్నే బయల్దేరాను. అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోయాను.

మంచి ఎండ కాస్తోంది. దిబ్బ మీద ఎండ్రకాయలు తప్ప ప్రాణి లేదు. చుట్టు పూర్తిచేసి దిగువ ఒడ్డుకొచ్చాను. బస్సుకు టైముందో లేదోనని గడియారం చూసుకున్నాను. ఎనిమిదికి ఇరవై నిమిషాలు తక్కువ. చెప్పులు చేత పట్టుకుని, చీర ఎగ్గట్టి, కాలు ఎత్తాను.

"రుక్కూ! ఆడ దిగబాకు! ఇసక జారతా ఉండాది!"

వెనకనుంచి, గట్టిగా, కోపంగా.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మాకు గడప దాటితే అరవం, గడప లోపల తెలుగు. కొట్లో అరవం, బస్సులో అరవం, కూరగాయల దగ్గర అరవం. యానాం వాళ్ళ తెలుగు వేరు, అది వింటేనే తెలిసిపోతుంది. మా యాస తెలుగులో వెనకనుంచి ఎవరైనా పిలిచారంటే అది ఇంటి మనిషే. ఆలోచించే పని లేదు, తిరిగి చూసే పని అసలే లేదు. నేనూ తిరిగి చూడలేదు.

"మీరు ఊరుకోండత్తా, నాకు తెలుసు!" అని విసుక్కున్నాను.

అనేశాక తట్టింది, నేను మా పెరట్లో లేనని.

కాలు వెనక్కి తీసుకుని తిరిగాను. ఎవరూ లేరు. తడి ఇసుక మీద నా అడుగులే ఉన్నాయి. నేను ఎడమ కాలు కొంచెం ఈడుస్తాను కాబట్టి గీత కూడా ఉంటుంది. ఆ గీత ఉంది, పక్కన గొడుగు పొడిచిన గుంటలున్నాయి, ఇంకో మనిషి జాడ లేదు. మాట విన్న తీరు మాత్రం రెండు బారల దూరం నుంచే.

చెప్పానుగా, ఒళ్ళు మండిందని. "ఎవరది? దమ్ముంటే ఎదురుగా వచ్చి చెప్పు!" అని అరిచాను. తెలుగులో అరిచి, ఎందుకైనా మంచిదని అరవంలోనూ అరిచాను. దిబ్బంతా మళ్ళీ ఒక చుట్టు తిరిగాను. పొదలన్నీ గొడుగుతో కెలికాను. ఎవరూ దొరకలేదు.

మళ్ళీ ఒడ్డుకొచ్చి, నేను దిగబోయిన చోటే గొడుగు నీళ్ళలో దించాను. పిడి మునిగేదాకా పోయింది. నేల తగల్లేదు. ఒడ్డున ఇసుక చూస్తుండగానే నా బరువుకు నెర్రె ఇచ్చింది. నాకు ఈత రాదు. ఆ కాలితో పడి ఉంటే తేలే ప్రశ్నే లేదు.

గొడుగుతో పొడిచి చూసుకుంటూ ఎగువ వైపే దాటి బయటపడ్డాను. పడవవాడిని అడిగితే, రెండు రోజులుగా దిగువన కోత పడుతోందని చెప్పాడు. నీళ్ళ లోతుకు కారణం దొరికింది, బాగానే ఉంది. గొంతుకు కారణం ఎవరిని అడగను?

ఇంటికొచ్చేసరికి తొమ్మిదైంది. ఎనిమిదికల్లా కొట్టు తీసే మా ఆయన గుమ్మంలోనే కూర్చుని ఉన్నారు. చెంప మీద కోత, దానిమీద పటిక తెల్లగా ఉంది.

"యాడికి పోయినావు?" అన్నారు.

"బీచికి. ఆ చెంపకేమైంది?"

"మా అమ్మే! నువ్వు పోయినాక చాప మీద ఒరిగింది. నేను గడ్డం గీసుకుంటా ఉంటే నిద్దట్లోంచి లేసి ఒకటే అరుపు. కత్తి జారింది."

"ఏమని అరిచారు?"

"రుక్కూ, ఆడ దిగబాకు, ఇసక జారతా ఉండాది అని. ఇంట్లో ఇసక యాడుందమ్మా అంటే మళ్ళీ పడుకునింది. నాకు కొట్టుకు పోబుద్ధి కాలా."

ఎప్పుడని అడిగాను. ఏడున్నర దాటిందన్నారు.

నేను నోరు మూసుకుని ఉండొచ్చు. తెలివైన ఆడది మూసుకునేది. కానీ నేను ఆగలేకపోయాను. ఇసుకదిబ్బ, నీళ్ళు దాటడం, గొంతు, గొడుగు, అంతా చెప్పేశాను. చెబుతుండగానే నా నడకకు నేనే నీళ్ళొదులుకుంటున్నానని తెలుస్తూనే ఉంది.

అనుకున్నట్టే అయింది. మా ఆయన లేచి నిలబడి, రేపటినుంచి గడప దాటితే ఊరుకోనన్నారు. అబద్ధాలాడి ఏట్లో దిగే మనిషికి నడకెందుకన్నారు. నేనూ తగ్గలేదు. కాలు బిగుసుకుపోతే ఎత్తి తిప్పుతారా మీరు అని అడిగాను. వీధంతా వినేటట్టు పోట్లాడుకున్నాం. నేను ఏడ్చాను కూడా.

అప్పుడు లోపలినుంచి అత్త వచ్చింది. గొంతు బొంగురుపోయి ఉంది. నేరుగా కొడుకు దగ్గరికెళ్ళింది.

"ఒరే, దాన్ని ఆపబాకు. పోనీ."

"ఏందిమా నువ్వే ఈ మాట! చచ్చుండేది కదా!"

"చావలేదు గదా. ఈడ్నించి నేను అరిస్తే ఆడికి ఇనపడింది గదా. ఇంకేందిరా నీకు భయం?"

అంతే చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఏడాదిన్నర పాటు నా నడకకు అడ్డుపడ్డ మనిషి ఆమె. ఆమెతో ఒక్కసారైనా మంచిగా మాట్లాడి ఉండాల్సిందని అప్పుడనిపించింది.

ఆ తర్వాత ఆరేళ్ళు బతికింది. నేను బయల్దేరేటప్పుడు ఇంకెప్పుడూ అడ్డం నిలబడలేదు. ఆ సంగతి ఎత్తితే మాత్రం "కునుకులో ఏందో అనుంటాలే, పో" అనేది.

ఇరవై రకాలుగా ఆలోచించాను. గాలి మోసుకొచ్చిందందామంటే మా ఇల్లు అక్కడికి ఐదు కిలోమీటర్లకు తక్కువ లేదు, పైగా ఆ పూట గాలి సముద్రం వైపు నుంచి వీస్తోంది. దయ్యం అందామంటే అత్త బతికే ఉంది, మధ్యాహ్నం నాతోపాటు రసం అన్నం తింది. నా మనసే అత్త గొంతుతో మాట్లాడిందని ఒక లెక్చరరుగారు తేల్చేశారు. సరే, ఒప్పుకుంటాను. మరి మా ఆయన చెంప కోసింది ఎవరి మనసు? దానికి లెక్చరరుగారి దగ్గర జవాబు లేదు.

నా దగ్గరా లేదు. ఉన్నట్టు నటించను. చదువుకున్నవాళ్ళు ఎవరైనా వచ్చి విడమరిచి చెబితే కూర్చుని వింటాను, కాఫీ కూడా ఇస్తాను. కాకపోతే పొద్దున్నే రావద్దు. ఆ వేళకు నేను ఇంట్లో ఉండను.