డై మీద అక్షింతలు

కారు తలుపు రేకు మీద లేచిన చిన్న పొక్కు కంటికి ఆనదు. నూలు గ్లౌజు వేసుకుని అరచేత్తో నిమిరితే తెలుస్తుంది. రంగు పడ్డాక మాత్రం ఎండలో మొటిమలా మెరుస్తుంది. అప్పుడిక ఆ తలుపు తుక్కుకే. రేణిగుంట దారిలోని మా ఫ్యాక్టరీలో ప్రెస్ నుంచి వచ్చిన ప్రతి రేకునూ నిమిరి, బాగుంటే ముద్ర వేయడం నా పని.

ఒక శుక్రవారం పూజయ్యాక వచ్చిన రేకులన్నిటికీ ఒకే చోట, పిడికి జానెడు కింద, పొక్కు లేచింది. రేకులోనే లోపముంటే ఒక్కోదానికి ఒక్కోచోట ఉంటుంది. ఒకే చోట ఉందంటే ప్రెస్‌లో రేకును ఒత్తే ఉక్కు అచ్చులో, అంటే డైలో, ఏదో ఇరుక్కున్నట్టే. శుక్రవారాలు మా షిఫ్ట్ ఇన్‌చార్జి ప్రెస్‌కు పసుపు, కుంకుమ పెట్టి, తెరిచిన డై మీద అక్షింతలు చల్లుతాడు. ఆ గింజలే డైలో ఇరుక్కున్నాయని ఆయనతో అన్నాను. ప్రెస్ ఆపి డై తుడిపించమన్నాను.

ఆయన అందరి ముందరా నవ్వాడు. "ఏమప్పా, మీ నాయన చంద్రగిరి కాడ గుళ్ళో తీర్థమిచ్చే మనిషి. ఆయన కడుపున పుట్టి అక్షింతల మీద నేరం మోపుతావా?"

"నేరం దేవుడి మీద గాదు సార్, బియ్యపు గింజ మీద."

"గింజ ఉక్కును వంచుతాదంట! సూడండ్రా, రేపు పెండ్లికొడుకుల నెత్తిన గూడా బొడిపెలు లేస్తాయంటాడు!"

ఎవరెవరు నవ్వారో ఈరోజు అడిగినా వరసగా చెప్పగలను. రోజూ నా క్యారియర్‌లో ఊరగాయ తినేవాడు అందరికన్నా గట్టిగా నవ్వాడు.

ముద్ర జేబులో వేసుకున్నాను. అది పడనిదే రేకు బండెక్కదు. రేకులు పెట్టే స్టాండ్లు ఒక్కొక్కటీ నిండుతున్నాయి.

"ముద్ర ఏస్తావా, రేపట్నుంచి గేటు కాడ కూర్చుంటావా?" అన్నాడు ఇన్‌చార్జి.

"గేటు కాడైనా కూర్చుంటా సార్. ఈ రేకుకు మాత్రం ముద్ర పడదు."

నా తనిఖీ బల్ల దగ్గర్నుంచి కదల్లేదు.

చివరికి రేకులు పెట్టేందుకు చోటు లేక ప్రెస్ ఆపక తప్పలేదు. డై తెరిచి టార్చి వేస్తే, నూనెలో తడిసి గట్టిపడిన పసుపుపచ్చటి బియ్యప్పిండి కనబడింది. అది తుడిచాక వచ్చిన మొదటి రేకును నిమిరాను. నున్నగా ఉంది. ముద్ర వేశాను.

తప్పయిందని ఆయన అనలేదు. మరుసటి శుక్రవారం హారతి పళ్ళెం నా చేతిలో పెట్టాడు. "నువ్వే చెయ్యప్పా, అన్నీ తెలిసినోడివి గదా!"

ఎత్తిపొడుపని తెలిసే తీసుకున్నాను. ముందు డై మూయించాను. ప్రెస్‌కు ఎడంగా ఉన్న స్తంభానికి బొట్టు పెట్టి, దాని మొదట్లోనే అక్షింతలు వేసి దండం పెట్టాను. ఆయుధపూజ నాడు తానే చేస్తానని ఆయన పళ్ళెం అడిగాడు. ఇవ్వలేదు. ఇప్పటికీ ఇవ్వలేదు.