శనివారం తిన్న దుంపయ్య

ఆ రోజుల్లో అనగానే ఎడ్లబండ్ల కాలమేమో అనుకోకండి. చేతిలో ఫోను, ఫోనులో ఆట, ఆట ఆడొద్దని ఇంటి నుంచి తిట్లు, అన్నీ ఉన్న రోజులే. లేనిది ఉద్యోగం ఒక్కటే. అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్ పై అంతస్తులో, మంచాలు వేశాక నడవడానికి చోటు మిగలని గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. గ్రూప్స్‌కు చదువుతున్నామని ఊళ్లో చెప్పుకొని వచ్చాం గనుక అప్పుడప్పుడూ చదివేవాళ్లం కూడా. (చదవడమంటే ఒక పుస్తకం పూర్తిచేసి, అందులో ఏముందో మరిచిపోయే వేళకు దాని కొత్త ఎడిషన్ కొనడం.) మాలో పెద్దవాణ్ని పెద్దన్న అనేవాళ్లం. నోటిఫికేషన్లు వచ్చేవి, కోర్టుకు పోయేవి, మళ్లీ వచ్చేవి. ఆయన మంచం మాత్రం కిటికీ పక్క నుంచి కదిలేది కాదు. చిన్నవాడి పేరు శనివారం. తల్లిదండ్రులు వేరే పేరే పెట్టారు గానీ, ఉద్యోగం వచ్చేదాకా శనివారం పూట నీసు ముట్టనని చిక్కడపల్లి గుడిలో మొక్కుకున్నాక ఆ పేరు మాకు గుర్తులేదు.

శనివారం నీసు మానేసేవాళ్లు ఈ ఊళ్లో వీధికి పదిమంది దొరుకుతారు. మావాడి ప్రత్యేకత ఏమిటంటే, ఆ మొక్కును ఫోనులోకి కూడా తీసుకెళ్లాడు. వాడు ఆడేది అడవిలో బతకాల్సిన ఆట. తెరమీది వీరుడికి ఆకలేస్తుంది. ఏదో ఒకటి సంపాదించి తినిపించకపోతే ఠపీమని కూలిపోతాడు. మిగతా రోజుల్లో జింకనో అడవిపందినో కాల్చి పెట్టేవాడు. శనివారం మాత్రం రేగుపండ్లు, పుట్టగొడుగులు. "బొమ్మకేం మొక్కురా పిచ్చోడా?" అని పెద్దన్న నవ్వితే, "బొమ్మది కాకున్నా వేలు నాదే గదన్నా, నొక్కేది" అనేవాడు. 

ఆ అడవిలో ఒక వింత జీవి ఉండేది. ముల్లంగిలాంటి ఒళ్లు, నెత్తిన జుట్టుకు బదులు ఆకుల కుచ్చు, గుండ్రటి కళ్లు, పొట్టి కాళ్లు. మట్టిలో మెడదాకా కూరుకొని ఎండ కాచుకునేది. పీకితే కెవ్వుమని అరిచి పరుగెత్తేది. దానికి మేం దుంపయ్య అని పేరు పెట్టాం. పరీక్ష ముందరి వారం, అంటే బుద్ధి ఉన్నవాళ్లు రివిజన్ చేసుకునే వారం, ఈ దుంపయ్య మొక్కా జంతువా అని ఛాయ్ బండి దగ్గర వాదన లేచింది. "ఆకులున్నయ్, ఎండకు బలమొస్తది, మట్టిలుంటది. మొక్కనే" అన్నాడు పెద్దన్న. నేను బీఎస్సీలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం రెండూ చదివి, ఏ ఒక్కదానికీ అన్యాయం జరగకుండా రెండింట్లోనూ సమానంగా తక్కువ మార్కులు తెచ్చుకున్నవాణ్ని. ఊరుకుంటానా? "కళ్లున్నయ్, కాళ్లున్నయ్, నొప్పి తెలుస్తది, భయపడి ఉరుకుతది. కూరగాయ ఎన్నడన్న ఉరికిందా అన్నా? ఉరికితే కూర ఎట్లయితది?" అన్నాను. చుట్టూ నిలబడ్డ అభ్యర్థులంతా చప్పట్లు కొట్టారు. ఆ సంవత్సరం నేను గెలిచింది అదొక్కటే.

పరీక్ష ఆదివారం. శనివారం మధ్యాహ్నం నేను బట్టలు ఆరేసి గదిలోకి వచ్చేసరికి మావాడు మంచం అంచున బిగుసుకుపోయి కూర్చున్నాడు. 

"అన్నా, నేను నీసు తిన్న."

"ఎక్కడ్రా? మెస్సుల ఇయ్యాల పప్పే గద!"

"ఫోన్ల."

సంగతేమిటంటే, వీరుడు ఆకలితో పడిపోబోతుంటే కంగారులో చేతికందిన దుంప ఒకటి పీకీ పీకగానే తినిపించాడు. కెవ్వుమని కేక వినిపించాకే అది దుంపయ్య అని తెలిసింది. "నీ దుంప తెగ" అని మనం ఊరికే అంటాం గానీ, నిజంగా తెగినప్పుడు ఇంత బాధ ఉంటుందని నాకు ఆ రోజే అర్థమైంది. "మొక్కు తప్పిన. రేపు ఏం రాసినా రాదు. నేను పరీక్షకు పోను, సామాన్ సర్దుకుంట" అని నిజంగానే సంచి తీశాడు. వాడి కోసం ఊళ్లో వాళ్లమ్మ కూడా శనివారాలు పట్టిందని మాకు తెలుసు. ఇది నవ్వుకునే మాట కాదని అప్పటికి నా మొద్దు బుర్రకు ఎక్కింది.

వెంటనే పార్టీ మార్చాను. "అరే తమ్మీ, అది మొక్కనేరా. ఆకులు చూడలేదా?" అన్నాను. "నొప్పి తెలుస్తదంటివి" అన్నాడు. "ముట్టుకుంటే ముడుచుకునే చెట్టు లేదా?" అన్నాను. "భయపడి ఉరుకుతదంటివి. ఉరికేది కూర ఎట్లయితదంటివి." చరిత్రలో ఒక్క రాజు పేరు గుర్తుండని పిల్లాడికి నా వాదన మాత్రం పాయింట్లతో సహా నోటికి వచ్చింది. "ఇగ నీ నోట్ల నువ్వే మన్ను కొట్టుకున్నవ్, బాగైంది" అని పెద్దన్న నన్ను ఓదార్చాడు. చివరికి నారాయణగూడలో ఉండే మా కోచింగ్ సెంటర్ సైన్స్ సార్ ఏం చెబితే అదే ఖాయమని ముగ్గురం ఒప్పుకొని చిక్కడపల్లి మీదుగా నడిచాం.

సార్ లుంగీలో ఉన్నారు గానీ ప్రశ్న వినగానే క్లాసులో ఉన్నట్టే నిటారుగా కూర్చున్నారు. "ఆప్షన్స్ ఏందయ్యా?" అన్నారు ముందు. ఆప్షన్లు లేవని తెలిసి కాస్త నిరాశపడ్డారు. తర్వాత చెప్పారు: పగడం కొమ్మలేసిన చెట్టులా ఉంటుంది, కదలదు, కానీ జంతువే, పురుగుల్ని పట్టి తినే మొక్కలున్నాయి, అయినా మొక్కలే. "కదలికను బట్టి చెప్పిన నువ్వు తప్పు, ఆకును బట్టి చెప్పిన ఆయన తప్పు." "మరి అది ఏంది సార్?" అని శనివారం దీనంగా అడిగాడు. "సిలబస్‌ల లేదు" అన్నారు. మేం చెప్పులు వేసుకుంటుంటే మాత్రం ఆయనే గుమ్మం దాకా వచ్చి, "ఆగున్రి. దాని ముక్క నాటితే మొలుస్తదా?" అని అడిగారు.

తిరిగి వస్తూ లైబ్రరీ ప్రహరీ పక్కన కూర్చున్నాం. దుంపయ్య తల, ఆకుల కుచ్చుతో సహా, వీరుడి సంచిలో మిగిలే ఉంది. శనివారం దాన్ని మట్టిలో నాటాడు, నీళ్లు పోశాడు. తెల్లారితే జీవితం తేల్చే పరీక్ష పెట్టుకొని ముగ్గురు పెద్దమనుషులం ఫోను మీదికి వంగి ఒక ముల్లంగి తలకు కాపలా కాశాం. ఆటలో చీకటి పడింది, తెల్లారింది. ఒక చిగురు లేచింది. తర్వాత కళ్లు తెరిచింది. కాళ్లతో పైకి వచ్చి, తనను తిన్న వీరుణ్ని ఫెడీమని ఒక్క తన్ను తన్ని పారిపోయింది.

"మొలిచిందన్నా! కోడి మొలుస్తదా? మేక మొలుస్తదా?" అని శనివారం ఎగిరి గంతేశాడు.

సముద్రంలో నక్షత్ర చేప అని ఒకటుంది. దాని చెయ్యి తెగితే చెయ్యి మొలుస్తుంది. ఒక్కోసారి తెగిన ముక్క నుంచే చేప మొత్తం మొలుస్తుంది. అది జంతువు. ఆ సంగతి నా నాలుక చివరిదాకా వచ్చింది. వాడి ముఖం చూశాను. నోరు మూసుకున్నాను. తెలియని జవాబులన్నీ ధైర్యంగా రాసి, తెలిసిన ఒకే ఒక్క జవాబును ఖాళీగా వదిలేసింది నా జీవితంలో అప్పుడే. "మొలిచేది మొక్కనేరా. నడువ్, హాల్ టికెట్ చూసుకో" అన్నాను.

వాడు పరీక్ష రాశాడు. ఆ మధ్యాహ్నం మెస్సులో చికెన్ రెండు చేతులా తిన్నాడు. పేపర్లో పగడం మీద ప్రశ్న వచ్చింది. వాడు సార్‌ను తలుచుకొని జంతువు అని పెట్టాడు. నేను మొక్క అని పెట్టాను. పార్టీ మార్చాను కదా, ఇంకా అందులోనే ఉన్నాను. వాడికి ఉద్యోగం వచ్చింది. పెద్దన్న మంచం ఖాళీచేసి సొంతంగా స్టడీ హాల్ పెట్టుకున్నాడు. నేను ఒక ప్రైవేటు బడిలో సైన్స్ చెబుతున్నాను. (పిల్లలు ఆప్షన్లు అడగరు, అదొక సుఖం.)

మొన్న శనివారం నాడు మావాడు ఫోన్ చేశాడు. మొక్కు తీరినా వారం మాత్రం విడిచిపెట్టలేదట. మాటల్లో దుంపయ్య వచ్చాడు. ఎన్నాళ్లో అయింది గదా అని నక్షత్ర చేప సంగతి బయటపెట్టాను. వాడు నవ్వాడు.

"నాకు అప్పుడే తెలుసన్నా. అదే వారం చదివిన. కానీ నువ్వు చెప్పబోయి మింగినవు చూడు, నువ్వు! నాకోసం గెలిచే వాదన మింగినవ్! అది చూసే పరీక్షకు పోయిన."

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళితే ముల్లంగి తల ఒకటి కోసి పక్కన పెట్టి ఉంది. ఎందుకో చిన్న గిన్నెలో నీళ్లు పోసి కిటికీలో పెట్టాను. చిగురేసింది. ఇప్పటికీ పొద్దున్నే ఒకసారి వంగి చూస్తాను. కాళ్లు రాలేదు. కాళ్లు వచ్చింది మాకే. ఆ గదిలోంచి లేచి తలో దిక్కూ నడిచి వెళ్లిపోయాం.