పోగు తెగిందని చెప్పని అత్త

మా మేనత్త పోయింది. హిందూపురం కాలేజీలో ఏళ్ల తరబడి జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. గుండె ఆగిపోయిందని కబురొచ్చినప్పుడు నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. పోయినవాళ్ల మీద కోపాన్ని ఎక్కడ దించుకోవాలో ఇంకా తెలియడం లేదు.

అత్త ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టింది. తాత నేస్తుంటే పక్కన కూర్చుని, తెగిన పోగును కనిపెట్టడం చిన్నప్పుడు ఆమె పని. "పోగు తెగె నాయనా, ఆపు!" అని అరిచేదట. ముడి వేసేదాకా తాత అడ్డపోగు తోసే నాడె కదిలించేవాడు కాదు. చూసుకోకుండా నేసుకుంటూ పోతే చీర పొడుగునా గీత పడుతుంది మరి.

పెద్దయ్యాక బెంగళూరులో కొన్నాళ్లు ఎలుకల మీద పరిశోధన చేసింది. సెలవుల్లో నేను వెళితే సంగటి కెలుకుతూ అదే చెప్పేది.

"మన ఒంట్లోనూ పోగులు తెగుతాంటాయి పాపా. ఆపు అని అరిచే జన్యువు ఒకటుండాది. అది చెడిపోయిన ఎలుకలకు గడ్డలు లేస్తాయి. మనుషులకూ అంతే."

ఎలుకను పట్టుకునే ముందు చేతులు రుద్దుకుని వెచ్చ చేసుకునేదట, చల్లటి చేయి తగిలితే అవి బెదురుతాయని. నా తలకు నూనె పెట్టేటప్పుడూ అలాగే రుద్దుకునేది. నేను చదువుకుని, పెనుకొండలో మందుల షాపు పెట్టుకుని బతుకుతున్నానంటే అది ఆమె చలవే.

కిందటేడు నాకు రొమ్ములో క్యాన్సర్ గడ్డ తేలింది. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని డాక్టరు అడిగితే లేదన్నాను. పక్కనే ఉన్న అత్త కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నన్ను చంటిపిల్లలా సాకింది. నేను కోలుకున్నాక ఒకరోజు మా ఇంటికొచ్చి చెప్పింది.

"నీ పెండ్లికి ముందే నేను పరీక్ష చేయించుకుంటి పాపా. ఆ జన్యువు నాలో చెడిపోయుండాది. మాయమ్మ నుంచి నాకూ, మీ నాయనకూ వచ్చింటాది."

గర్భసంచి ఆపరేషన్ అని మాతో చెప్పి, అక్కడా గడ్డ లేవకుండా ముందుజాగ్రత్తగా అండాశయాలు తీయించుకున్నది అందుకేనట.

"తెలిసీ నాకెందుకు చెప్పకపోతివి అత్తా?"

"నీకు సంబంధాలు చూస్తాండిరి. రక్తంలో జబ్బుండాదంటే ఎవరు చేసుకుంటారు? పెండ్లైనాక చెబుదామనుకుంటి. ఆ పైన నోరు రాలేదు."

మా ఇళ్లలో పెళ్లిమాటలప్పుడు జబ్బులేమైనా ఉన్నాయా అని అడగడం, లేవని చెప్పడం మామూలే. అందరూ చెబుతారు. కానీ అందరూ ఆ ఎలుకలను చూడలేదు. ఆమె చూసింది. తనను తాను కాపాడుకుంది, నన్ను గాలికొదిలేసింది. నా మీది ప్రేమతోనే చేసిందని తెలుసు. తెలిసినంత మాత్రాన మంట తగ్గదు. నన్ను ఇంత నమ్మించి ఇంత మోసం చేసినవాళ్లు ఇంకెవరూ లేరు.

అత్త దివసాలు ముగిశాక ధర్మవరంలో నాయన మళ్లీ మగ్గం గుంటలో దిగాడు. ఇప్పుడు నా కూతురికి సంబంధాలు చూస్తున్నాం. అత్త చెప్పిన మాట నాయనకూ చెప్పాను.

"బిడ్డ పెండ్లి అయ్యేదాకా ఈ మాట ఎత్తొద్దు మ్మే," అన్నాడు నేస్తూనే.

నేను వంటింట్లోంచి కూతురిని పిలిచి మగ్గం పక్కన, చిన్నప్పుడు అత్త కూర్చునే చోట కూర్చోబెట్టాను. అరచేతులు రుద్దుకుని కూతురి చేతులు పట్టుకున్నాను. "నీకొకటి చెప్పాల," అన్నాను.

మగ్గం మీద ఒక్క పోగూ తెగలేదు. అయినా నాయన చేయి ఆగిపోయింది.