కుంకుడు రసంతో కడిగిన బ్రష్‌లు

2022 శ్రావణమాసం. మొఘల్‌పురాలో మా ఇంటి ముందుగదే నా బ్యూటీ పార్లర్. మేకప్ బ్రష్‌లను నేనెప్పుడూ పిల్లల షాంపూతోనే కడుగుతాను. ఆ వారం అది అయిపోయింది.

"పట్టుచీరలే కుంకుళ్లతోని ఉతుకుతం, గీ వెంట్రుకలెంత?" అంది మా అత్తమ్మ. నిజమే అనిపించింది. రసం తీసి బ్రష్‌లన్నీ కడిగి ఆరబెట్టాను. పట్టులా మెత్తగా వచ్చాయని మురిసిపోయాను కూడా.

మర్నాడు యాకుత్‌పురాలో సౌజన్య అనే అమ్మాయి నిశ్చితార్థానికి మేకప్ చేయడానికి వెళ్లాను. వాళ్లది గాజుల వ్యాపారం. గంటలో మగపెళ్లివాళ్లు వస్తారు. రంగు నిలవడానికి వాడే సెట్టింగ్ స్ప్రేతో ఐషాడో బ్రష్‌ను తడిపి, కుడి రెప్ప మీద మెరుపు అద్దాను. బ్రష్ కుదురులో సన్నగా నురగ కనబడింది. ఏమిటా అనుకునేలోపే ఆ పిల్ల కన్ను గట్టిగా మూసుకుంది.

"అక్కా, మంట. కన్ను తెరవనొస్తలేదు."

పైపైన జాడించి వదిలేసిన రసం, తడి తగలగానే మళ్లీ లేచింది. చెంబుల కొద్దీ మంచినీళ్లతో కన్ను కడిగాను. మేకప్ అంతా చెంపల మీదుగా కారిపోయింది. అది పోతే పోనీ, చూపుకేమైనా అయితే?

"ఏం పెట్టినవమ్మా?" అని సౌజన్య తల్లి అడిగింది. అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది.

"కుంకుడు రసం. బ్రష్ సరిగ్గ జాడించలే. తప్పు నాదే."

సౌజన్య నాయనమ్మ వంటింట్లోంచి ఉప్పుకల్లు తెచ్చి మనవరాలి నోట్లో పెట్టింది. తలంటు రోజుల్లో కుంకుడు రసం కంట్లో పడితే అందరిళ్లలో వాడే మందే అది. తర్వాత నా వైపు తిరిగింది.

"తలకు పోసుకున్నంక ఎన్ని చెంబుల నీళ్లు పోస్తం బిడ్డా? గా బ్రష్‌కు ఎన్ని పోసినవ్?"

"రెండే" అన్నాను తల దించుకుని.

ఉప్పు పనిచేసిందో, నీళ్లు పనిచేశాయో, పావుగంటకు సౌజన్య కన్ను తెరిచింది. ఎర్రగా ఉంది. నేను వేళ్లు చూపించి ఎన్నని అడుగుతూనే ఉన్నాను.

"మూడే అక్కా. ఇది నాలుగోసారి అడుగుడు."

కాటుక కూడా లేకుండానే పీటల మీద కూర్చుంది. మర్నాడు కంటి డాక్టరు ఏం కాలేదనే దాకా నాకు ముద్ద దిగలేదు.

మురికి వదలడం సగం పనే, కడిగిన రసం కూడా వదలాలి. ఇప్పుడు ఏ బ్రష్‌నైనా తడిపి, అరచేతిలో రుద్ది, నురగ లేదని చూశాకే వాడతాను.

పెళ్లికీ సౌజన్య నన్నే పిలిచింది. కుర్చీలో కూర్చుని "ముందుగాల బ్రష్ ఇయ్యక్కా" అంది. తడిపి తన అరచేతిలో రుద్దుకుంది. నురగ రాలేదు. అప్పుడు కళ్లు మూసుకుంది.