లెన్సుకు బొట్టు పెట్టిన రోజు: సూర్యాపేట నుంచి ఫిల్మ్‌నగర్‌కు, మొదటి కెమెరా కోసం

పద్దెనిమిదేళ్ళుగా నాటకాలు ఆడుతున్నా మా ఆయన రాజేందర్‌కు స్టేజి మీద ఒక్క మంచి ఫోటో లేదు. పగలు సూర్యాపేటలో ఎరువుల దుకాణం నడిపే ఈ మనిషి ఏడాదికి పదిసార్లయినా పౌరాణిక నాటకాల్లో రాజు వేషం కడతాడు. కిరీటం లేని వేషమిస్తే ఒప్పుకోడు. నేను ఫోన్లో తీసిన ఫోటోలన్నిట్లో ఆ కిరీటం ధగధగా మెరుస్తుంటుంది, దాని కింద ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మరక ఉంటుంది. చెయ్యెత్తి పద్యం అందుకుంటే ఆ ఒక్క చెయ్యి నాలుగు చేతులై కనిపిస్తుంది. ఇన్నాళ్ళూ నవ్వుకుని వదిలేశాం. మొన్న దసరా వెళ్ళాక ఆయన మోకాళ్ళు నొక్కుకుంటూ కూర్చుని, డిసెంబరులో రెండో శనివారం వేసే నాటకమే తన ఆఖరిదనీ, తర్వాత వేషం కుర్రవాళ్ళకు ఇచ్చేస్తాననీ చెప్పాడు. ఇంకా ఒక్క నాటకమే మిగిలింది. ఆ రోజు ఫోటో పడకపోతే ఇక ఎప్పటికీ పడదు. చిట్టీ ఎత్తిన నలభై వేలు ఇంట్లో ఉన్నాయి. కెమెరా కొందామన్నాను.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పదహారేళ్ళుగా కుంభాకార కటకం బొమ్మను బోర్డు మీద కళ్ళు మూసుకుని గీస్తున్నాను. అయినా ఒక మంచి కెమెరా చేత్తో పట్టుకున్న పాపాన పోలేదు. ఏది కొనాలో తెలియక వారం రోజులు ఫోన్లో వీడియోలు చూశాను. చూసినకొద్దీ ఉన్న తెలివి కూడా పోయింది. చివరికి మా ఆయనే దారి చూపించాడు. పెళ్ళికి ముందు ఆయన సినిమా అవకాశాల కోసం ఆరు నెలలు హైదరాబాదులో తిరిగాడు. "కెమెరాలంటే ఫిల్మ్‌నగరే. నాకు గల్లీ గల్లీ ఎరుకే. నా ఎంబడి రా" అన్నాడు. నేను గుడివాడ నుంచి కోడలిగా వచ్చి ఇరవై ఏళ్ళవుతోంది, ఆయన ఇంత హుషారుగా ఎక్కడికీ బయల్దేరదీయడం చూడలేదు.

శనివారం పొద్దున ఆరింటికి ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాం. ఆడవాళ్ళకు ఉచితం, తెలంగాణ ఆధార్ కార్డు ఉంది కాబట్టి నాకు జీరో టికెట్. "రాజులకు ఫ్రీ లేదా?" అని మా ఆయన కండక్టరును అడిగితే, అతను నవ్వి డబ్బులు తీసుకున్నాడు. తొమ్మిది దాటాక ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కాం. అమీర్‌పేటలో రైలు మారాలి. మారిన తర్వాత మొదట వచ్చేది మధురానగర్, ఆ తర్వాత మూడో స్టేషను జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్. ఎల్బీనగర్ నుంచి ఇక్కడికి గంటకు కాస్త అటూ ఇటూ పట్టింది. ఊరి నుంచి కారులో రావాలనుకునేవాళ్ళకు నా మాట ఒకటే, ఈ దారిలో మెట్రోయే సుఖం. అమీర్‌పేటలో జనం తోపులాట తప్పదు, పర్సు ముందుకు పెట్టుకోండి.

చెక్‌పోస్ట్ దగ్గర పెద్ద అద్దాల షోరూమ్ ఒకటి కనిపిస్తే మొదట అందులోకే వెళ్ళాం. సేల్స్ అబ్బాయి చాలా మర్యాదస్తుడు. "మేడమ్, ఇది బిగినర్స్‌కి బెస్ట్ ఆప్షన్ అండీ. ట్వంటీఫోర్ మెగాపిక్సెల్స్, టూ లెన్సెస్, బ్యాగ్ ఫ్రీ" అంటూ ఒక డీఎస్‌ఎల్‌ఆర్ చేతికిచ్చాడు. ధర యాభై ఐదు వేల పైచిలుకు. లోపల అద్దం లేని కొత్త రకాలు ఇంకా బాగుంటాయట గానీ, ఆ ధర చీటీ చూసి నేను మర్యాదగా చూపు తిప్పుకున్నాను. నాటకాల ఫోటోలకండీ, వెలుతురు తక్కువుంటుందండీ అంటే, "ఫ్లాష్ వేసేయండి మేడమ్, సరిపోతుంది" అన్నాడు.

మా ఆయన వెంటనే అడ్డం పడ్డాడు. "నేను పద్యం ఎత్తుకున్నప్పుడు మొఖం మీద ఫ్లాష్ కొడితే మూడో పాదం మర్చిపోత తమ్ముడూ!"

ఆలోచించుకుని వస్తామని బయటపడ్డాం.

అక్కడి నుంచి ఫిల్మ్‌నగర్‌కు ఆటోకు నూట ఇరవై అడిగితే వందకు ఒప్పించాం. డ్రైవరుది షేక్‌పేట. "ఫిల్మ్‌నగర్‌ల యాడ దిగుతరు సార్?" అని అడిగాడు. మా ఆయన గల్లీలన్నీ తెలిసిన మనిషి కదా, "గా రేకుల హోటల్ ఉంటది సూడు, గాడ ఆపు" అన్నాడు దర్జాగా. డ్రైవరు వెనక్కి తిరిగి చూసి మరీ నవ్వాడు. "ఏ జమాన ముచ్చట సార్ అది? గాడ ఇప్పుడు ఆరంతస్తుల బిల్డింగున్నది." ఆ తర్వాత మా ఆయన ఎత్తు పల్లాల రోడ్డు, పెద్ద పెద్ద గేట్లు, గోడల మీంచి వేలాడే కాగితం పూలు చూస్తూ కూర్చున్నాడు. ఒక మలుపు దగ్గర మాత్రం మెల్లిగా చెప్పాడు. ఇక్కడే ఎక్కడో ఒక ఆఫీసులో తన ఫోటోల ఆల్బమ్ ఇస్తే, మేనేజరు తిరగేసి, "ఫోటోలో బట్టలున్నయ్, మనిషి లేడు" అని తిరిగి చేతిలో పెట్టాడట. ఈ ఇరవై ఏళ్ళలో నాకు చెప్పని మాట అది.

ఒంటిగంటన్నరకు ఆకలేసి ఒక చిన్న మెస్సులో కూర్చున్నాం. భోజనం నూట ఇరవై, ఆ రోజు గోంగూర పప్పు, చేపల పులుసు. వండేదీ వడ్డించేదీ సత్యవతి గారని అమలాపురం వైపు ఆవిడ. మేం వచ్చిన పని విని, "కెమెరా కోసం అంత దూరం నుంచి వచ్చారా అండీ! అయితే ఆ మూల కూర్చున్నాయన్ని అడగండి. యాదగిరి గారని, ముప్పై ఏళ్ళుగా ఆయనకదే పని" అని చూపించారు.

ఇక్కడి పద్ధతి ఒకటి నాకు అప్పుడే తెలిసింది. షూటింగుకు అద్దెకిచ్చే కెమెరాను ఒంటరిగా పంపరు. దానితో పాటు ఒక మనిషి వెళ్తాడు. దాన్ని మోసేదీ, బిగించేదీ, ఎండా వానా తగలకుండా కాసేదీ, మళ్ళీ పెట్టెలో పెట్టి తెచ్చేదీ ఆయనే. కెమెరా పెళ్ళికూతురైతే ఈయన తోటి పెళ్ళికూతురన్నమాట. యాదగిరి గారికి అరవై దగ్గర పడుతున్నాయి, సన్నటి మనిషి. పెరుగన్నం కలుపుకుంటూనే నన్ను ఒక్క ప్రశ్న అడిగారు.

"ఏం ఫోటోలు దియ్యాలె మీరు? గది జెప్పుర్రి ముందుగాల."

వారం రోజుల వీడియోల్లో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. మా ఆయన ఆఖరి నాటకం సంగతీ, షోరూమ్‌లో చూపించిన రెండు లెన్సుల కెమెరా సంగతీ చెప్పాను. ఆయన తల ఊపారు. "స్టేజంటే తక్కువ లైటు. మరి మీకు రెండు లెన్సులెందుకమ్మా? బాడీ, గదే లెన్సు లేని కెమెరా, పాతదైనా నడుస్తది. పైసలు లెన్సుకు పెట్టుర్రి. దాని మీద ఒకటి పాయింట్ ఎనిమిది అని రాసుంటది, గది చీకట్ల గూడ సూస్తది."

ఆ అంకె తగ్గేకొద్దీ లెన్సు ద్వారం పెద్దదవుతుంది, వెలుతురు ఎక్కువ వస్తుంది. ఇది నేను పాఠంలో చెప్పేదే. పుస్తకంలో ఉన్నది బజారులో గుర్తుపట్టలేకపోయానని సిగ్గేసింది.

యాదగిరి గారు పనిచేసే అద్దె ఆఫీసు పక్క గల్లీలోనే ఉంది. దాని పై అంతస్తులో పాత కెమెరాలు అమ్ముతారు. అంతకుముందు ఒక్కరే వాడిన చిన్న డీఎస్‌ఎల్‌ఆర్ బాడీ చూపించారు. ఇప్పటికి పదకొండు వేల ఫోటోలు తీసిందని లెక్క కంప్యూటరులో చూపించారు. "బండికి కిలోమీటర్ల లెక్క సూస్తం గదా, గట్లనే ఇది. కెమెరా లక్ష దాక నడుస్తది, ఫికర్ లేదు" అన్నారు యాదగిరి గారు. ఇంకో బాడీ వెయ్యి రూపాయలు తక్కువకే వస్తోంది గానీ, నా బొటనవేలు దాని మీటల దాకా అందలేదు. అందుకే మొదటిదే తీసుకున్నాను. బాడీ ఇరవై ఒక్క వేలు, ఆరు నెలల గ్యారంటీ బిల్లు మీద రాసిచ్చారు. ఒకటి పాయింట్ ఎనిమిది లెన్సు కొత్తది పదిన్నర వేలు. కార్డూ, అదనపు బ్యాటరీ కలిపి రెండు వేలు. మోచేతులు డొక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కాలని యాదగిరి గారు చేయించి మరీ చూపించారు. నాలుగు కొట్టేసరికి కెమెరా నా మెడలో ఉంది. మంగళసూత్రం పడిన రోజు కూడా నేనంత నిటారుగా నడవలేదు.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "సినిమోళ్ళు పూజ లేంది మొదటి షాట్ తియ్యరు. మనం గూడ చేపిద్దాం" అన్నాడు మా ఆయన. సరేనని కొబ్బరికాయ, నిమ్మకాయలు కొని, దగ్గర్లోనే గుట్ట మీదున్న గుడికి, సాయంత్రం ఐదింటికి తలుపులు తీసే వేళకు ఎక్కాం. పూజారి గారు రోజూ కార్లకూ బైకులకూ పూజలు చేసే ఆయన. మా వెనక్కి చూసి బండేదీ అన్నారు. "బండి కాదు అయ్యగారూ, కెమెరా" అన్నాడు మా ఆయన. ఆయన ఏ మాత్రం తడబడకుండా మంత్రం చదివి, గంధం గిన్నె తీసుకుని, "బొట్టు ఎక్కడ పెట్టమంటారమ్మా?" అని నన్నే అడిగారు.

పదహారేళ్ళు కటకాల పాఠం చెప్పిన నేను, నా చేత్తో మూత తీసి, "ఇదేనండీ దాని కన్ను, ఇక్కడ పెట్టండి" అన్నాను.

ఆయన నిండుగా గంధం రాసి, మధ్యలో రూపాయి కాసంత కుంకుమ పెట్టారు. మా ఆయన చెంపలు వేసుకున్నాడు. నేను కూడా భక్తిగా కళ్ళకద్దుకుని కెమెరాలోంచి చూశాను. గుడి లేదు, గోపురం లేదు, ఎర్రటి పొగమంచు తప్ప ఏమీ లేదు. నేను కెవ్వుమన్నాను. మా ఆయన గాబరాపడి భుజం మీది తువ్వాలు తీసి ఒక్క తుడుపు తుడిచాడు. కుంకుమ రవ్వలు గాజు మీద కిర్రుమన్న చప్పుడు నాకు ఇంకా చెవుల్లో ఉంది. కెమెరా లాక్కుని గుట్ట దిగి యాదగిరి గారి ఆఫీసుకు పరుగు పెట్టాను. డబ్బు పోతే పోయింది, డిసెంబరులో ఆ మనిషి ముఖం మళ్ళీ తెల్లటి మరకే అవుతుందని ఏడుపొచ్చింది.

యాదగిరి గారు చూసి నవ్వారు, నవ్వి కూర్చోమన్నారు. "బొట్టు బాడీ మీద పెడతరమ్మా. మూత ఉండనే ఉంటది. దేవుని ఫోటో మీద మొదటి షాట్ అప్పుడే మూత తీస్తరు." తుడవకుండా ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టి రవ్వలన్నీ ఊదేశారు. తర్వాత మందు చుక్క వేసి మెత్తటి గుడ్డతో చుట్టూ తిప్పుతూ శుభ్రం చేశారు. ఇరవై నిమిషాలు పట్టింది. చివరికి దీపం వెలుగుకు ఎత్తి చూస్తే, వెంట్రుకంత గీత ఒకటి మిగిలింది.

"ఖరాబ్ జేసిన. నా ఫోటో నేనే ఖరాబ్ జేసుకున్న" అన్నాడు మా ఆయన. ఆయన ముఖం చిన్నబోయింది.

అప్పుడు నాకు నవ్వొచ్చింది. మా పిల్లలను నేను ఏటా అడిగే రెండు మార్కుల ప్రశ్న గుర్తొచ్చింది. కటకంలో సగం నల్ల కాగితంతో మూసేస్తే ప్రతిబింబం ఎలా ఉంటుంది? సగం బొమ్మే వస్తుందని సగం క్లాసు రాస్తుంది. కాదు, బొమ్మ మొత్తం వస్తుంది, కాస్త వెలుగు తగ్గుతుందంతే. సగం మూసినా రాని నష్టం ఈ వెంట్రుక గీతతో వస్తుందా? యాదగిరి గారు నమ్మలేదు. "ముప్పై ఏండ్ల సంది కెమెరాలు మోస్తున్న, గిది ఇనలే" అని, లెన్సు ముందు సగానికి నల్ల టేపు అంటించి, తియ్యి చూద్దామన్నారు. మా ఆయనను స్టూలు మీద కూర్చోబెట్టాను. మోచేతులు డొక్కలకు ఆనించాను, ఊపిరి బిగబట్టాను, నొక్కాను. మొదటి షాట్ దేవుడి ఫోటో మీద పడలేదు గానీ, బొమ్మ మాత్రం నిండుగా వచ్చింది. రెండు కళ్ళూ, నెరిసిన మీసం, నుదుటి మీద గుడి బొట్టు. "కిరాక్ ఉన్నదమ్మా నీ చదువు!" అన్నారు యాదగిరి గారు. మళ్ళీ మెట్రో, ఎల్బీనగర్, బస్సు. దారంతా మా ఆయన కెమెరాను ఒళ్ళో పెట్టుకుని తోటి పెళ్ళికూతురిలా కూర్చున్నాడు.

డిసెంబరు నాటకం అయిపోయింది. మొత్తం మూడు వందల నలభై ఫోటోలు తీస్తే చాలా వరకు కదిలిపోయాయి, బాగున్నవి పదకొండు. వాటిలో ఒకటి, పద్యం మధ్యలో చెయ్యెత్తినప్పటిది. చెయ్యి ఒక్కటే ఉంది. కిరీటం కింద ముఖం ఉంది, ఆ ముఖంలో కోపం ఉంది, కళ్ళలో తడి ఉంది. మర్నాడు పొద్దున ఆయన దాన్ని చాలాసేపు చూసి, "పద్దెనిమిదేండ్ల సంది జనం సూసింది గిదా సుజాతా?" అని అడిగాడు. వేషం కట్టినవాడు తన నాటకం తాను చూడలేడని నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆ గదిలో నేను ఏడ్చాను, ఆయన కూడా. అన్న మాట ప్రకారం కిరీటం కుర్రవాడికి ఇచ్చేశాడు. ఆ ఫోటో ఇప్పుడు మా దుకాణంలో యూరియా బస్తాల పైన వేలాడుతోంది. ఎవరీ రాజు అని రైతులు అడిగితే చెప్పడు, తన ముఖం కేసి చూడమని నిలబడతాడు.

కొత్తగా కెమెరా కొనబోయేవాళ్ళకు నా అనుభవం మీద ఒక్క సలహా. పూజ తప్పకుండా చేయించండి, కొబ్బరికాయ కూడా కొట్టండి. మూత మాత్రం తీయకండి.