చర్చి పేరుతో వచ్చిన రిజిస్టర్ కవరు

కవరు పోస్టాఫీసు కౌంటర్ మీదికి వచ్చింది, నేను చెయ్యి చాచేలోగా మళ్ళీ అవతలికి వెళ్ళిపోయింది. తలకిందులుగా చూసినా అది మా ఊరి చర్చి అయ్యగారి చేతిరాతేనని నాకు తెలిసిపోయింది. ఇంగ్లీషు అక్షరాలకి కూడా తోకలు పెడతారాయన. కౌంటర్ వెనక పెద్దాయన ఒక చేత్తో కవరూ ఇంకో చేత్తో నా పాస్‌పోర్టు జెరాక్సూ పట్టుకుని మార్చి మార్చి చూశాడు. ఈ కవరు మీదున్న అమ్మాయీ ఈ కాయితంలో ఉన్న అమ్మాయీ ఒకరు కాదని ఉర్దూలో నెమ్మదిగా చెప్పాడు.

"నేనేనండీ బాబూ" అన్నాను తెలుగులో. ఆ తర్వాత గుర్తొచ్చి అదే మాట హిందీలో అన్నాను.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, నేనూ రెండు మాటలు అనేదాన్ని. మామూలు ఉత్తరమైతే పేరు చూడం, పెట్టెలో పడేస్తాం, రిజిస్టర్‌ది మాత్రం ఎవరి పేరు మీద వస్తే వాళ్ళ చేతికే ఇవ్వాలి, వాళ్ళే సంతకం పెట్టాలి అన్నాడు. పైగా ఇండియాలో డబ్బు కట్టి అందినట్టు కార్డు కూడా అడిగారట. చిన్న కార్డు, కవరుకి అతికించి ఉంది. ఆ కార్డు మీద ఎవరు సంతకం పెడతారు అని నన్నే అడిగాడు.

ఆ కవర్లో నా పెళ్ళి ఉంది. మా సంఘంలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ఆరాధనలో అబ్బాయి పేరూ అమ్మాయి పేరూ చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి చెప్పాలి. ఎవరూ లేవకపోతే అయ్యగారు ఆ సంగతి రాసి, సంతకం చేసి, సంఘం ముద్ర వేసి ఇస్తారు. ఆ కాయితం లేనిదే కువైట్‌లో మాకు శుక్రవారం ఆరాధన చేసే అయ్యగారు పెళ్ళి చెయ్యనన్నారు. ఆయన ఈ శుక్రవారం కాక పై శుక్రవారం ఆరాధన కాగానే సెలవు మీద ఇండియా వెళ్తున్నారు. మళ్ళీ వచ్చేది నాలుగు నెలలకి.

పెళ్ళికొడుకు ఊరికి దూరంగా, సౌదీ సరిహద్దు దగ్గర వఫ్రాలో ఒక తోటలో టమాటాలూ కీరా దోసకాయలూ పండించే పనిలో ఉన్నాడు. మాది గోదావరికి ఈ ఒడ్డు, వాళ్ళది ఆ ఒడ్డు. అక్కడ ఇరవై ఏళ్ళు కనపడని మనిషి ఇక్కడ ఆరాధనలో నా వెనక బల్ల మీద కూర్చుని నాకంటే గట్టిగా పాడాడు, పైగా శ్రుతి తప్పి. వెనక్కి తిరిగి చూశాను. అలా మొదలైంది. ఆయన కాయితం వాళ్ళ ఊరి నుంచి వచ్చిన ఒకాయన పెట్టెలో బట్టల మధ్య భద్రంగా వచ్చి, ఇక్కడి అయ్యగారి చేతికి చేరిపోయింది. మా నాన్నకి మనుషుల మీద నమ్మకం తక్కువ, రిజిస్టర్ పోస్టు మీద ఎక్కువ. అందుకే నాది పోస్టులో వచ్చింది.

వచ్చి కూడా ఎన్నాళ్ళయిందో. నేను పనిచేసే ఇంటికి వచ్చే ఉత్తరాలన్నీ ఇంటి యజమాని, మేం బాబా అంటాం, ఆయన పేరు మీదున్న పోస్టు బాక్సులోనే పడతాయి. కవరు వచ్చి ఉంది, తీసుకెళ్ళండి అనే చీటీలు రెండు కరెంటు బిల్లులతో కలిసి బాబా సొరుగులోకి పోయాయి. మూడోది డ్రైవర్ అన్న చూసి తెచ్చాడు. గురువారం మధ్యాహ్నం లోపు తీసుకోకపోతే కవరు వెనక్కి పంపేస్తాం అని ఉంది దాని మీద. నేను పోస్టాఫీసులో నిలబడింది బుధవారం.

పేర్ల సంగతి చెప్పాలి. మాలో చాలామందికి రెండు పేర్లు. ఒకటి బాప్తీస్మం నాడు అయ్యగారు పెట్టింది, ఇంట్లో, పేటలో, చర్చిలో అదే. రెండోది బళ్ళో వేసినప్పుడు మేష్టారు రాసింది. చర్చి పేరు రాస్తే హరిజన హాస్టల్లో సీటు రాదనీ, ఫీజు మాఫీ ఉండదనీ ఆయనే ఆలోచించి ఒక దేవత పేరు రాశాడట. నేను ఎనిమిది దాకా చదివింది ఆ పేరు మీదే. పాస్‌పోర్టుకి ఆ బడి కాయితమే పెట్టాం. ఇండియాలో ఈ రెండు పేర్లూ ఎప్పుడూ ఒకచోట కలుసుకోలేదు. మా ఊరి పోస్టుమాన్‌కి నేనెవరో తెలుసు, ఇంకేం కావాలి? ఇక్కడికొచ్చాక ఇంటి ఉత్తరాలు చర్చి పేరుతోనే వచ్చేవి, పెట్టెలో పడేవి, నేను చదువుకునేదాన్ని. మా అయ్యగారు కూడా ఎప్పటిలాగే రాశారు.

కారెక్కాక డ్రైవర్ అన్న అద్దంలోంచి చూశాడు. రాయచోటి ఆయన, పదేళ్ళుగా ఆ ఇంట్లోనే ఉన్నాడు.

"ఏం పాపా, కవరు యాడ?"

"ఇవ్వలేదన్నా. పేరు కలవలేదంట."

ఆ పెద్దాయన బొంబాయి వైపు మనిషి అని అన్న చెప్పాడు. ఇక్కడ ఇంగ్లీషు వాళ్ళ పెత్తనం ఉన్న రోజుల్లో పోస్టాఫీసులో చేరాడట. అప్పట్లో కువైట్ పోస్టు మన ఇండియా వాళ్ళ చేతిలో ఉండేదట, మన స్టాంపుల మీదే కువైట్ అని అచ్చుకొట్టి అమ్మేవాళ్ళట. రాజు బొమ్మ స్టాంపులు ఇంకా నాలుగు ఆయన దగ్గరున్నాయట.

"ఇంగ్లీషోడు పోయి ఇన్నేండ్లాయ. వాని రూలు మాత్రం ఇఖామా కొట్టించుకోని ఈడ్నే ఉండాది" అన్నాడు అన్న.

మాలాగే రూలుకీ ఇక్కడ ఉండే అనుమతి దొరికిందన్నమాట. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అప్పుడు అన్న ఉపాయం చెప్పాడు. బాక్సు బాబాది. బాబా ఊళ్ళో లేడు కాబట్టి ఆయన భార్య, మనం మామా అనే ఇంటావిడ, వచ్చి అడిగితే కాదనరు. అయితే పెళ్ళి కాయితమని చెప్పొద్దు, పుట్టిన తేదీ కాయితమని చెప్పు చాలు అన్నాడు. పెళ్ళి అంటే పనిమనిషి పోతుందని భయపడతారు, వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ సంతకం లేనిదే మనం ఎక్కడికీ కదల్లేం, ఎందుకొచ్చిన గొడవ అని ఆయన బాధ. మాట బాగానే ఉంది. మా ఇల్లున్న మిష్రిఫ్ వచ్చేదాకా ఆ అబద్ధాన్ని అరబ్బీలో ఎలా చెప్పాలా అని కూర్చుకుంటూనే ఉన్నాను.

ఆ సాయంత్రం మామా వంటింట్లో టీ కోసం వచ్చి కూర్చుంది. ఎక్కడికెళ్ళావు అని అడిగింది. నా అరబ్బీ అబద్ధానికి సరిపోయేంత లేదనుకుంటా. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. పెళ్ళి, వఫ్రా, కవరు, రెండు పేర్లు, అన్నీ ఒకదాని మీద ఒకటి.

మామా పెళ్ళి దగ్గర ఆగలేదు, పేర్ల దగ్గర ఆగింది. మా ఇంట్లో ఉన్న మనిషికి వేరే పేరుందని రెండేళ్ళ తర్వాత తెలియడం ఏమిటి అంది. ప్రభుత్వానికి అబద్ధం చెప్పి వచ్చావా అని అడిగింది.

"అబద్ధం నేను చెప్పలేదు మామా. అప్పుడు నాకు ఐదేళ్ళు" అన్నాను.

హాస్టల్ సంగతి చెప్పడానికి చాలాసేపు పట్టింది. అన్నం ఒక పేరుకి పెడతారు, ఇంకో పేరుకి పెట్టరు అని చెప్పాను. ఒకే పేట పిల్లలు ఇద్దరు ఒకే దేవుడికి మొక్కినా, ఒకే నూతిలో తోడుకున్నా, కాయితంలో ఏ పేరుందో దాన్నిబట్టే పెడతారు అన్నాను. మామాకి ఎంత అర్థమైందో తెలీదు. పెళ్ళయితే వెళ్ళిపోతావా అని అడిగింది. ఒప్పందంలో మిగిలిన ఏడాదీ ఉంటాను, ఆయన అక్కడే, నేనిక్కడే, సెలవు రోజు మాత్రం కలుసుకుంటాం అన్నాను. టీ తాగేసి, ఇన్షాల్లా అని లేచింది. ఆ మాటకి అవునని అర్థమో కాదని అర్థమో రెండేళ్ళలో నాకు ఒక్కసారీ ముందుగా తెలియలేదు.

గురువారం పొద్దున్న పదైంది. మామా కిందికి రాలేదు. నేను మెట్లు తుడిచాను, తుడిచిన మెట్లే మళ్ళీ తుడిచాను. పదిన్నరకి పైన నల్ల అబాయా వేసుకుని, చేతిలో నా అసలు పాస్‌పోర్టుతో దిగింది. "యల్లా, పద" అంది, అంతే. డ్రైవర్ అన్న నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు.

పోస్టాఫీసులో పెద్దాయన లేచి నిలబడి సలాం చేశాడు, కానీ కవరు తియ్యలేదు. బాక్సు మీది, ఉత్తరం ఈ అమ్మాయిది, పేరు ఇంకొకరిది అని మళ్ళీ మొదటికొచ్చాడు. మామా తన కార్డు తీసి ఆయన ముందు పెట్టింది.

"చదువు. ఆ పేరు మా పేటలో ఎవరికైనా తెలుసేమో అడుగు" అంది. "అందరూ నన్ను నా పెద్దకొడుకు పేరు చెప్పి వాడి అమ్మ అంటారు. మా అమ్మ పోయాక ఈ కార్డులో పేరుతో నన్ను ఎవరూ పిలవలేదు. నేను ఒక మనిషినా, ఇద్దరినా?"

పెద్దాయన తడుముకోలేదు. "మీ ఇద్దరూ ఒకరేనని ప్రభుత్వానికి తెలుసమ్మా. ఈ పిల్ల సంగతి తెలీదు" అన్నాడు.

"అయితే తెలియజేద్దాం. కాయితం ఇవ్వు."

వెనక వరస పెరుగుతోంది. ఒకడు ఖలాస్, ఖలాస్, ఇక చాలించండి అని గొణిగాడు. మామా కౌంటర్ మీదే ఒంగి రాసింది. ఈ అమ్మాయి రెండేళ్ళుగా మా ఇంట్లో ఉంది, పాస్‌పోర్టులో ఈ పేరు, వాళ్ళ ఊళ్ళో ఆ పేరు, రెండూ ఈమెవే, తేడా వస్తే నాదే పూచీ అని. డ్రైవర్ అన్న నా చెవిలో ఒక్కో ముక్కా తెలుగులో చెప్పాడు. పెద్దాయన ఆ కాయితం పట్టుకుని లోపలి గదికి వెళ్ళాడు. గోడ గడియారం పదకొండుంబావు చూపిస్తోంది. నాకు మా నాన్న గుర్తొచ్చాడు. రిజిస్టర్ రసీదు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, పిల్లకి అందే ఉంటుందని అందరికీ చెప్తూ ఉంటాడు.

లోపలి నుంచి టప్పు మని ముద్ర పడిన చప్పుడు వినపడింది. పెద్దాయన వచ్చి, కవరు నా వైపు తోశాడు. ఈసారి వెనక్కి లాగలేదు. కార్డు మీద సంతకం పెట్టమన్నాడు. ఏ పేరు పెట్టను అని అడిగాను. కవరు మీద ఉన్నది పెట్టి, కింద పాస్‌పోర్టులోది రాయమన్నాడు. చిన్న కార్డు కదా, రెండోది అంచు దాకా వెళ్ళిపోయింది. ఇంకెప్పుడైనా ఇంటికి రాస్తే కవరు మీద రెండూ రాయమని చెప్పు బేటీ అన్నాడు. అలాగేనన్నాను. అంతవరకూ ఆయన మీదున్న కోపమంతా ఎటు పోయిందో, ఆ రాజు బొమ్మ స్టాంపులు చూపిస్తారా అని కూడా అడగబోయాను. మామా అప్పటికే తలుపు దగ్గరుంది.

కార్లో కవరు చింపాను. ఒక్క కాయితం. మూడు ఆదివారాలు చదివాం, ఎవరూ లేవలేదు, సంఘం ముద్ర. వెనక వైపు అయ్యగారు పెన్సిలుతో, మీ నాన్న మూడో ఆదివారం గుమ్మం దగ్గరే నిలబడి అందరి మొహాలూ చూశాడు అని రాశారు. అది చదివి డ్రైవర్ అన్నకి వినిపించాను. ఎవరన్నా లేసుంటే కాళ్ళు విరగ్గొట్టేటోడు పాపా మీ నాయన అన్నాడు. ఏమన్నాడని మామా అడిగింది. చెప్పాక కిటికీ వైపు తిరిగి నవ్వింది.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే ఇల్లు తుడిచి, మామాకి చెప్పి ఆరాధనకి వెళ్ళాను. వఫ్రా బస్సు రాలేదు, పెళ్ళికొడుకూ రాలేదు. ఆరాధన అయ్యాక అయ్యగారు రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివి, అన్నీ సరిగ్గా ఉన్నాయి, నేను వెళ్ళేలోగా ఒక్క శుక్రవారమే ఉంది, అబ్బాయిని అడిగి చెప్తావా అన్నారు. ఆ తోటలో ఫోను లేదు. వఫ్రాకి కబురు వెళ్ళి తిరిగొచ్చేసరికి ఎన్నాళ్ళవుతుందో నాకు తెలుసు.

వచ్చే శుక్రవారమే రాసుకోండి అయ్యగారూ అని, ఆయన పుస్తకంలో రాయడం పూర్తయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.