ఆ పేరు దగ్గర మాస్టారు ఆగేవారు

మంగళవారం పొద్దున్నే మా కీబోర్డాయన ఫోను చేసి, "అమ్మాయ్, మాస్టారు పోయారు" అన్నాడు. వెంటనే ఏడుపు రాలేదు. నిజం చెప్పాలంటే కోపమొచ్చింది. ఒక మాట పూర్తిగా అడగాలని ఇన్నేళ్ళూ వాయిదా వేస్తూ వచ్చాను. ఇంక ఎవర్ని అడగను?

రాజమండ్రిలో పెళ్ళిళ్ళకీ తీర్థాలకీ పాడే చిన్న ఆర్కెస్ట్రా మాస్టారిది. అందులో ఆడగొంతు నాది. అందరూ మైకు ముందు "హలో హలో" అంటే, ఆయన ఒక్కసారి దగ్గి ఊరుకునేవారు. సొంత మైకుని చేతిరుమాల్లో చుట్టి సంచీలో తెచ్చుకునేవారు. శ్రుతి తప్పితే తిట్టరు. "ఏమ్మా, బజ్జీలేమైనా తిన్నావా?" అంటారు. అంతకంటే తిట్టడమే నయం.

తుఫాను వచ్చిన ఏడాది, సముద్రం మీద వేటకెళ్ళిన పడవలు చాలా తిరిగి రాలేదు. ఒడ్డు పల్లెల్లో ఇళ్ళు లేవు, తిండి లేదు. మాస్టారు మూడు రోజుల్లో పాట కట్టారు. ఏడుపు పాట కాదు, గెంతించే పాట. నేను ముఖం చిట్లిస్తే, "ఏడుస్తూ అడిగితే జనం తప్పుకుపోతారమ్మా. కాలు కదిలితే చెయ్యీ కదులుతుంది" అన్నారు. అన్నట్టే అయింది. క్యాసెట్టు ఆటోల్లో, కాఫీ హోటళ్ళలో మోగిపోయింది. మేం వ్యానెక్కి వీధుల్లో పాడుతుంటే బియ్యం, దుప్పట్లు, గిన్నెలు తెచ్చి వేశారు.

చివరి చరణంలో, చుక్కల్లో కలిసిపోయారంటూ, రానివాళ్ళ పేర్లు వరసగా వస్తాయి. పల్లె పెద్దలు చెప్పిన పేర్లే. రాసింది ఆయన, పాడింది నేను.

నెల తిరక్కుండా ఒకావిడ ఆ పల్లె నుంచి బస్సెక్కి మా రిహార్సలు గదికొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా ఆయన పోయాడని మీకెవరు చెప్పారండి? మీరు చూశారా?"

మాస్టారు చేతిలో మైకు కింద పెట్టేశారు.

"శవం దొరక్కుండా బొట్టు తియ్యనని ఇన్నాళ్ళూ ఆపుకొచ్చానండి. ఇప్పుడు పాటలో కూడా వచ్చేసింది, ఇంకా గాజులేంటి అంటన్నారు మావాళ్ళు. ఎల్లుండి తీసేస్తారంట."

మర్నాడే ఆయన నన్ను వెంటబెట్టుకుని ఆ పల్లెకెళ్ళారు. పెద్దల ముందు చేతులు జోడించి, "చూడకుండా రాశానండి. తప్పు నాది" అన్నారు. ఒక పెద్దాయన విసుక్కుని, "మా ఇంటి సంగతికి మీరెవరండి?" అన్నాడు.

"ఆవిడకి అన్నయ్యననుకోండి."

అన్నాక ఆ మాట మీదే నిలబడ్డారు. గాజులు తీయడం ఆగింది. ఏటా ఆ పల్లె తీర్థానికి, పుట్టింటివాళ్ళు పెట్టినట్టే, ఒక డజను ఎర్ర గాజులు పట్టుకెళ్ళేవారు.

జనం కొనుక్కున్న క్యాసెట్లు వెనక్కి తేలేం. కానీ స్టేజీ మీద ఆ పేరు వచ్చేచోట అందరం ఆగేవాళ్ళం. దరువు నడుస్తుంది, గొంతు లేవదు. కొత్తవాళ్ళెవరైనా "ఇంకో పేరు వేసేద్దామండీ" అంటే, "అది ఆయన జాగా" అనేవారు. నేనూ ఇక్కడ ఆ పేరు రాయను.

పదేళ్ళయింది. ఆవిడ భర్త రాలేదు. మేం నిలబెట్టిన ఆ ఆశ ఆవిడకి మేలు చేసిందో, గాయాన్ని మాననివ్వకుండా చేసిందో నాకు తెలియదు. ఒకసారి సగం అడిగాను. "అనాల్సిన రోజొస్తే ఆవిడే అంటుందమ్మా. మనం అనకూడదు" అని మైకు రుమాల్లో చుట్టుకున్నారు. ఆ జవాబు నాకు సరిపోలేదు.

మంగళవారం సాయంత్రం ఆయన్ని తీసుకెళ్ళే ముందు వాకిట్లో ఆ పాటే పాడాం. ఆవిడ బస్సు దిగి వచ్చి గేటు దగ్గర నిలబడింది. చివరి చరణంలో ఆ చోటు రాగానే అలవాటుగా ఆగాం. భర్త పేరు నోటితో అనని ఆడవాళ్ళున్న పల్లె అది. ఆవిడ ఆ పేరు గట్టిగా అంది.

తర్వాతి పేరు నేను అందుకోలేదు. దరువు ఒక్కటే నడుస్తోంది. గేటు ఊచలు పట్టుకున్న ఆవిడ చేతులకి మాస్టారు తెచ్చిన ఎర్ర గాజులు అలాగే ఉన్నాయి.